అమ్మకానికి... ఓ తెరచాప ఇల్లు!

వంటిల్లుంది, పడకగది ఉంది, కరెంటుంది, ఉప్పునీళ్లను మంచినీళ్లుగా మార్చే యంత్రమూ ఉంది. ఇదంతా ఓ పాత పడవలో! విదేశాల్లో ఇలాంటి పడవల్ని పాత కార్లలాగే కొంటారు, అమ్ముతారు. కృష్ణలో పుట్టి ఎక్కేవారికి ఆ సంగతి వింతగానే ఉంటుంది. కానీ వాటిని కొనేవాళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం మన రేవుల్లోనూ అడగాల్సినవే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల వారికి కృష్ణమ్మ ఇంటిముందు వాకిలి లాంటిది. జూరాల దాటాక ఓ ఒడ్డు గద్వాలది, ఎదుటి ఒడ్డు వనపర్తిది. ఇంకా దిగువకు వెళితే కొల్లాపూర్ దగ్గరి సోమశిల. అక్కడ అది నదిలా కాదు, సముద్రంలా కనిపిస్తుంది. శ్రీశైలం ప్రాజెక్టు వెనక నిలిచిన నీళ్లవి. బీచుపల్లి దగ్గర హైవే వంతెన మీద బస్సులో కునుకు తీసేలోపే నది దాటేస్తాం. వంతెన లేనిచోట మాత్రం పుట్టో, మరబోటో దిక్కు.

వెదురు బద్దలతో పెద్ద బుట్టలా అల్లి, అడుగున నీరు చొరకుండా తారు పూస్తే పుట్టి తయారు. ఇంజిను లేదు, తెరచాప లేదు. ఉన్నదల్లా ఓ తెడ్డు, దాన్ని తిప్పే చేతులు. అడుగు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి నీళ్లున్నా తేలుతుంది. వేసవిలో బండలు బయటపడే కృష్ణకు సరిగ్గా సరిపోయే పడవ అది.

ఇక సముద్రాలు దాటే తెరచాప పడవ సంగతి చూద్దాం.

ఇల్లే కదులుతుంది

ఒక కుటుంబం నెలల తరబడి బతకడానికి వీలుగా కట్టే ఈ పడవలు సాధారణంగా 30 నుంచి 50 అడుగుల పొడవుంటాయి. ఎక్కువ వాటి ఒళ్లు ఫైబర్‌గ్లాసుతో చేసిందే. నడిపించేది గాలి. రేవులోకి వచ్చేటప్పుడు, గాలి పడిపోయినప్పుడు ఆదుకోవడానికి చిన్న డీజిల్ ఇంజిను ఉంటుంది. పైన సోలార్ పలకలు, కింద బ్యాటరీలు. దారి చూపడానికి జీపీఎస్, పెద్ద ఓడల రాకను ముందే పసిగట్టే యంత్రం, మాట్లాడుకోవడానికి రేడియో. మనిషి నిద్రపోతే దిశ తప్పకుండా చుక్కాని పట్టే ఏర్పాటు కూడా ఉంటుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది బయటికి కనిపించదు. పడవ అడుగున రెక్కలా ఉండే భాగంలో సీసమో, ఇనుమో టన్నులకొద్దీ బరువు ఉంటుంది. గాలి ఒక పక్కకు వంచేసినా ఆ బరువు మళ్లీ నిలబెడుతుంది. అచ్చం తంజావూరు బొమ్మలాగే! అయితే ఆ రెక్క నీళ్లలోకి ఒకటిన్నర, రెండు మీటర్లు దిగి ఉంటుంది. అందుకే ఇలాంటి పడవను బండల మధ్య నడపలేం. సముద్రానికి ఆ పడవ, కృష్ణకు పుట్టి... దేని అందం దానిది.

మనమ్మాయిలు చుట్టొచ్చారు!

ఇదంతా మనకు సంబంధం లేని గొడవ అనుకోనక్కర్లేదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ‘తారిణి’ అనే 56 అడుగుల తెరచాప పడవ బయల్దేరింది. అందులో ఉన్నది ఆరుగురూ నౌకాదళ మహిళా అధికారులే. సారథి వర్తికా జోషి. జట్టులో ఇద్దరు తెలుగమ్మాయిలు... విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదీ బొడ్డపాటి ఐశ్వర్య. 254 రోజుల్లో భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి గోవా చేరారు. ప్రయాణించిన దూరం దాదాపు 21,600 నాటికల్ మైళ్లు. అంటే సుమారు 40 వేల కిలోమీటర్లు!

తారిణి గోవాలోనే తయారైన కొత్త పడవ. అయినా దారిలో చుక్కాని వ్యవస్థలో లోపం వచ్చి మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. కొత్తదానికే అలా ఉంటే పాతదాని మాటేమిటి?

సుత్తితో తట్టి... నీళ్లలోంచి లేపి

అందుకే పాత పడవను బొమ్మ చూసి కొనరు. ముందు సర్వేయర్‌ను పిలుస్తారు. పడవను క్రేనుతో ఒడ్డుకు ఎత్తించి, అడుగంతా చిన్న సుత్తితో తట్టి చూస్తాడాయన. గట్టి శబ్దం వస్తే సరే. బోలుగా మోగితే లోపల నీరు చేరిందేమోనని అనుమానించాలి. బజార్లో కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు చేసే పనే ఇది! తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలకూ వయసుంటుంది. పది, పదిహేనేళ్లు దాటితే మార్చుకోమంటారు. ఆ తర్వాత నీళ్లలో నడిపి చూడాలి.

పాతబడినకొద్దీ ధర దిగుతుంది కానీ ఖర్చు దిగదు. కొన్న ధరలో పదో వంతు దాకా ఏటా బాగుచేయించడానికే పోతుందని అక్కడివారి లెక్క. చవగ్గా వచ్చిందని కొని, తీగలు, తెరచాపలు, ఇంజిను మార్చేసరికి అసలును మించిపోయే కొసరు ఖర్చులే ఎక్కువ.

‘అన్ని హంగులూ ఉన్నాయి’ అని అమ్మేవాడు చెప్పినప్పుడు తెలివైనవాడు టీవీ, ఫ్రిజ్‌ల గురించి అడగడు. గాలి నిండితే విచ్చుకునే ప్రాణరక్షక తెప్పను చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారు? ఆపదలో ఉపగ్రహానికి కబురు పంపే పరికరంలో బ్యాటరీ గడువు ఎప్పటిదాకా? ఆకాశంలోకి వదిలే ఎర్రదీపాల గడువు తీరిందా? ఎక్కేవారందరికీ సరిపడా లైఫ్‌జాకెట్లున్నాయా? అడగాల్సినవి ఇవీ.

ఆ పరికరం విలువేమిటో 2018 సెప్టెంబరులో తెలిసొచ్చింది. ఒంటరిగా ప్రపంచ యాత్ర పోటీలో ఉన్న భారతీయ నావికుడు అభిలాష్ టోమీ పడవ దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు చిక్కింది. కొయ్య విరిగింది, ఆయన నడుముకు దెబ్బ తగిలి కదల్లేకపోయారు. సంకేతం అందుకుని మూడు రోజులకు ఓ ఫ్రెంచి నౌక ఆయన్ను కాపాడింది. అంతటి మహాసముద్రంలో ఒక చిన్న చుక్కను వెతకగలిగారంటే ఆ సంకేతం వల్లే.

మంచాలకట్ట మరిచిపోలేనిది

మళ్లీ మన కృష్ణ దగ్గరకే వద్దాం. 2007 జనవరి. సంక్రాంతి వెళ్లాక సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర. ఆ జాతర ప్రయాణికులతో ఉన్న పడవ మంచాలకట్ట దగ్గర నదిలో మునిగిపోయింది. 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి. అక్కడ తుపాను లేదు, మహాసముద్రం కాదు. రోజూ చూసే నది, ఎదురుగా కనిపించే ఒడ్డు.

ఆ రేవుల మధ్య వంతెన కావాలన్నది ఏనాటిదో కోరిక. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య రూ.1,082 కోట్లకు పైగా ఖర్చుతో తీగల వంతెనకు 2022లో కేంద్రం ఆమోదం తెలిపింది. మరోవైపు 2021లో వచ్చిన అంతర్గత జలయాన చట్టం నదుల్లో నడిచే మరబోట్లకు రిజిస్ట్రేషన్, తనిఖీ తప్పనిసరి చేసింది. సోమశిల నుంచి శ్రీశైలానికి పర్యాటకుల లాంచీలూ వచ్చాయి. అంటే నీటి మీదికి వెళ్లే కుటుంబాలు పెరిగాయే కానీ తగ్గలేదు.

కోటి రూపాయల పడవ కొనేవాడు వంద ప్రశ్నలు అడుగుతాడు. డబ్బు అతనిది మరి! పది నిమిషాల ప్రయాణానికి పడవ ఎక్కే మనం ఒక్కటీ అడగం. అక్కడ పెట్టేది డబ్బయితే ఇక్కడ పెట్టేది పిల్లాపాపల ప్రాణం. పరిమితికి మించి జనం ఎక్కి, అందరూ ఒక్కసారి లేచి నిలబడితే ఎంత గట్టి పడవైనా ఒరుగుతుంది. తంజావూరు బొమ్మకు బరువు అడుగున ఉంటుంది, మనం దాన్ని నెత్తికెక్కిస్తాం!

అందుకే ఈసారి రేవులో కాలు పెట్టేముందు రెండే ప్రశ్నలు అడగండి.

‘అన్నా, ఇండ్ల ఎంతమంది ఎక్కాలె? జాకెట్లు ఎన్ని ఉన్నయి?’

రెండు అంకెలూ సరిపోతేనే ఎక్కండి. లేదంటే తర్వాతి పడవ వచ్చేదాకా ఒడ్డునే కూర్చోండి. జాతర ఎక్కడికీ పోదు.