ఎముక రాసుకునే మందుచీటీ

ముంబైలోని కామాటిపురా ఒకప్పుడు చిత్తడి నేల. 18వ శతాబ్దం చివర్లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట సముద్రపు పోటును ఆపాకే అక్కడ ఇళ్లు లేచాయి. నిజాం ఇలాకా నుంచి వచ్చి ముంబై కట్టడాలకు మట్టీ రాయీ మోసిన తెలుగు కామాటీల పేరే ఆ పేటకు నిలిచింది. పల్లం గనుక జోరువాన కురిస్తే చాల్ ఇళ్ల ముందు గల్లీల్లో నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లలో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరోసిస్ సోకే ప్రమాదముంది. అందుకే వరద నీళ్లలో నడిచినవాళ్లు డాక్టరు సలహాతో డాక్సీసైక్లిన్ వేసుకోవాలని ముంబై కార్పొరేషన్ వానాకాలంలో చెబుతుంటుంది. ఈ మాత్ర టెట్రాసైక్లిన్ల కుటుంబానిది. ఎముకలకు, పళ్లకు రంగు ఎక్కిస్తుందని ఆ కుటుంబానికి పేరుంది.

ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన అమెరికాలోని లెడర్లీ సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుక్కున్నాడు. 1948లో అది లోకానికి తెలిసింది. ఈ మందులు కాల్షియాన్ని పట్టుకుంటాయి. టెట్రాసైక్లిన్‌ను పాలతో మింగొద్దనేది అందుకే. కొత్త ఎముక పేరుకునే చోట కాల్షియంతో పాటు మందూ చేరుతుంది. అతినీలలోహిత కాంతిలో చూస్తే అక్కడ పసుపు గీత మెరుస్తుంది. ఎముకల వైద్యులు దీన్నే పనిముట్టుగా వాడుకున్నారు. కొన్నాళ్ల ఎడంతో రెండు విడతలు మందిచ్చి, చిన్న ఎముక ముక్క తీసి, రెండు గీతల మధ్య దూరాన్ని బట్టి ఎముక ఎంత వేగంగా పెరుగుతోందో లెక్కగడతారు. అంటే, మందు వేసుకున్న సంగతి మనం మరిచినా ఎముక మరవదు.

ఇదే కుటుంబంలోని మినోసైక్లిన్‌ను మొటిమలకో కీళ్లవాతానికో నెలలు, ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరి ఎముకలు నల్లబడతాయి. మోకాలి ఆపరేషన్‌లో కోసి చూశాకో, చిగుళ్ల కింద నీలిఛాయ కనిపించాకో ఆ సంగతి బయటపడుతుంది. ఆ ఎముక బలహీనపడిందనడానికి గట్టి ఆధారాల్లేవు. మరి రంగుతో చిక్కేమిటి అనవచ్చు. చిక్కల్లా పొరపాటు పడటంలోనే ఉంది. చచ్చిన ఎముక, పాకిన క్యాన్సర్, ఆల్కాప్టోన్యూరియా అనే పుట్టు జబ్బు కూడా ఎముక రంగు మార్చగలవు. రోగి పాత మందుల సంగతి తెలియని సర్జన్ ఆపరేషన్ బల్ల దగ్గరే సందేహంలో పడతాడు.

అలాగైతే వరద మాత్ర మానేద్దామా అంటే, ఆ వాదన నిలవదు. డాక్సీసైక్లిన్ కాల్షియాన్ని పట్టుకోవడం తక్కువ, వరదల్లో ఇచ్చే మోతాదులూ కొద్దిపాటివే. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు దాని బదులు అజిత్రోమైసిన్ సూచిస్తారు. ప్రాణం తీయగల జబ్బుకు జడిసి వేసుకునే మాత్రను, నెలల వాడకంతో వచ్చే రంగుకు జడిసి మానడం తెలివి కాదు. భయపడాల్సింది చీటీ లేకుండా కొని, డాక్టరు మాట లేకుండా నెలలు సాగదీసే మాత్రలకు. ఊళ్లో ఒక డాక్టరు, ముంబైలో మరొకరు చూసే కుటుంబాల్లో కాగితం ఏదో ఒక చోట తప్పిపోతుంది. ఎముక రాసుకున్న చీటీని చదవాలంటే కోత పెట్టాలి. మందుచీటీని రేషన్ కార్డుతో పాటు దాచుకుంటే ఆ అవసరం రాదు.