ఆంగ్లక్రియలతోడి ఉపసర్గయోగము

వేసవిలో కొల్లేటి నీరు ఇంకి నేల బీటలు వాఱినపుడు తెలుఁగువాఁడు "సరస్సు ఎండిపోయినది" అనును. ఆంగ్లేయుఁడు "ది లేక్ డ్రయిడ్ అప్" అనును. సంస్కృతము చదివినవాఁడు "సంశుష్కం సరః" అనును. ఎండుట యను వ్యాపారము మూఁడు వాక్యములందును ఒక్కటియే. అది తుదముట్ట జరిగెనను విశేషమును సంస్కృతము ధాతువునకు ముందు 'సమ్' చేర్చి చెప్పినది. తెలుఁగు ధాతువునకు వెనుక 'పోవు' అను మఱియొక ధాతువును చేర్చి చెప్పినది. ఆంగ్లమును వెనుకనే చేర్చినది గాని, చేర్చినది ధాతువు గాదు, 'అప్' అను అవ్యయము.

'అప్' అనఁగా 'పైకి' అని మాత్రమే నేర్చిన బాలుఁడు ఈ వాక్యమునొద్ద తడఁబడుట సహజము. నీరు ఆవిరియై పైకిఁ బోయినది గనుక 'అప్' వచ్చినదని సమర్థింప వచ్చునుగదా యనిన, ఆ యుపపత్తి నిలువదు. గూడబాతు చేపను మ్రింగివేసినపుడును ఆంగ్లేయుఁడు 'ఈట్ అప్' అనియే యనును. అచ్చట చేప పోవునది క్రిందికే గాని పైకి గాదు.

ఈ చిక్కు క్రొత్తది గాదు. సామ్యుయెల్ జాన్సన్ 1755లో ప్రకటించిన తన నిఘంటువు పీఠికయందే, క్రియకు వెనుక చేరు ఈ చిన్నపదములు పరదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునని గుర్తించెను. లోగన్ పియర్సల్ స్మిత్తు 1925 నాఁటి గ్రంథమున వీనిని 'ఫ్రేజల్ వెర్బ్' అని వ్యవహరించెను. అయితే ఈ యవ్యయమునకు స్వతంత్రార్థము కలదా, లేక క్రియార్థమును వెలిఁగించుటయే దాని పనియా అను ప్రశ్నము అంతకంటెను ఎంతయో ప్రాచీనము. ఉపసర్గములు పదమునుండి విడిపోయినచో అర్థమును చెప్పలేవని శాకటాయనుని మతము. వానికి నానార్థములు కలవని గార్గ్యుని మతము. యాస్కుఁడు నిరుక్తమున రెండింటిని పేర్కొనినాఁడు. నేఁటి ఆంగ్ల పాఠ్యపుస్తకములు 'అప్'నకు పైకి, 'డౌన్'నకు క్రిందికి అని అర్థములు వ్రాయుటలో గార్గ్యుని పక్షముననున్నవి. వానియందలి యుదాహరణములు మాత్రము సగము శాకటాయనుని పక్షముననున్నవి. 'స్టాండ్ అప్' అను నెడ 'అప్'నకు స్వార్థము కలదు. 'గివ్ అప్' అను నెడ దానిని వెదకుట వృథా. ఇల్లు కాలినచో 'బర్న్ డౌన్', కాగితము కాలినచో 'బర్న్ అప్' అందురు. తెలుఁగు రెంటికిని 'కాలిపోవు' అనియే చెప్పును.

ఇంతవఱకు అర్థవిచారము. పాఠశాలలో బాలుని మార్కులు పోవునది స్థానవిచారమునొద్ద. లౌకిక సంస్కృతమున ఉపసర్గ ధాతువును అంటియుండును. వేదమున అట్లు గాదు. ధాతువునకు తరువాతను రావచ్చును, నడుమ వేఱు పదములు చొచ్చియు ఉండవచ్చును. పాణిని దీనికి వేఱుగ సూత్రములు చేసెను. ఆంగ్లము ఈ విషయమున ఛందస్సువంటిది. "గివ్ అప్ ది వర్క్" అనవచ్చును. "గివ్ ది వర్క్ అప్" అనియు ననవచ్చును. కర్మ సర్వనామ మగునెడ నడుమ నుండుటయే నియతము: "గివ్ ఇట్ అప్".

అయిన ఇదే 'అప్' వేఱొకచోట ఉపసర్గయే గాదు. కృష్ణ నీరును గోదావరి నీరును కాలువలవెంట వచ్చి కలిసికొను ఊరు ఏలూరు. అచ్చట వంతెనమీఁద నిలిచి ఎగువకుఁ జూచువానిని గూర్చి "హీ లుక్డ్ అప్ ది కెనాల్" అనవచ్చును. నిఘంటువులో ఒక పదమును వెదకినవానిని గూర్చి "హీ లుక్డ్ అప్ ది వర్డ్" అందురు. వినుటకు రెండును ఒక్కతీరుననే యున్నవి. మొదటిదానియందు 'అప్' నామమునకుఁ జెందినది. రెండవదానియందు క్రియకుఁ జెందినది. సర్వనామము పెట్టి చూచినచో భేదము బయటఁబడును: పదమును "లుక్డ్ ఇట్ అప్", కాలువను "లుక్డ్ అప్ ఇట్". పండితులకు ఇది వింత గాదు. 'ప్రతివదతి' యందు 'ప్రతి' ఉపసర్గ. 'గ్రామం ప్రతి' యందు అది గ్రామశబ్దమునకు ద్వితీయను తెచ్చిన కర్మప్రవచనీయము. సంజ్ఞ మాఱినచో కార్యము మాఱును. పూజార్థమున 'సు' కర్మప్రవచనీయ మగుటచేతనే 'సుస్తుతమ్' అను నెడ షత్వము రాదు. సంస్కృతమున సంజ్ఞ షత్వమును నిర్ణయించినట్లు, ఆంగ్లమున సర్వనామముయొక్క స్థానమును నిర్ణయించుచున్నది.

ఈ రెంటికిని నడిమి తరగతి యొకటి కలదు. 'లుక్ ఆఫ్టర్' అనఁగా పోషించు. ఇందు 'ఆఫ్టర్' స్థానము విడువదు. "లుక్ ఇట్ ఆఫ్టర్" అనుట తప్పు. కాని కర్మణిప్రయోగమున క్రియతో కలిసియే పోవును: "ది చైల్డ్ వాజ్ లుక్డ్ ఆఫ్టర్". అకర్మకమైన భూధాతువు 'అను' చేరఁగా సకర్మకమై 'అనుభూయతే' అను రూపమును పొందుట దీనికి చక్కని పోలిక.

తెలుఁగు బాలుఁడు "పికప్ ఇట్" అని యేల వ్రాయును? తాడేపల్లిగూడెము బస్సునిలయమున నిలిచి వినిన కారణము తెలియును. "పికప్ చేసికొనుము", "ఫారము ఫిలప్ చేయుము", "సెండాఫ్ ఇచ్చిరి" అను మాటలు చదువనివారి నోటను వినవచ్చును. తెలుఁగు చెవి క్రియను ఉపసర్గను కలిపి ఒక్క పదముగా విని, దానిని నామముగాఁ జేసి, 'చేయు' ధాతువును తగిలించినది. వ్యాకరణదృష్టిచే ఇది దోషము గాదు. అర్థైక్యమును గ్రహించిన వివేకము. కాని ఒక్క పదమని గట్టిపడిన దానిని చీల్చి నడుమ 'ఇట్' పెట్టుటకు బాలునికి మనసొప్పదు. కాఁబట్టి ఇచ్చట కావలసినది అభ్యాసముగాని మందలింపు గాదు.

కారకవిషయమున పొరపాటు వేఱు విధము. గురువు శిష్యునిపైఁ గోపించెనను తెలుఁగు నుడికారమునుబట్టి బాలుఁడు "యాంగ్రీ ఆన్" అని వ్రాయును. ఆంగ్లమున "యాంగ్రీ విత్" అనవలెను. తెలుఁగున శిష్యునితోఁ గోపించెననిన అర్థమే కుదురదు. సంస్కృతమున 'శిష్యాయ క్రుధ్యతి' అని చతుర్థి; ఉపసర్గ చేరినంతనే 'శిష్యమభిక్రుధ్యతి' అని ద్వితీయ. ఒక్క భాషలోనే, ఒక్క ధాతువునకే, ఉపసర్గ కారణమున విభక్తి మాఱినపుడు భాషాంతరమున మాఱుటకు ఆశ్చర్యమేల? అట్లే "డిస్కస్ అబౌట్" అను తప్పు మన 'గూర్చి' యనుదానినుండి వచ్చినది. 'డిస్కస్' సకర్మకము, దానికి కర్మ నేరుగా రావలెను. నామమైన 'డిస్కషన్' మాత్రము 'అబౌట్'ను సహించును. 'గ్రంథం పఠతి' అని ద్వితీయయు, 'గ్రంథస్య పఠనమ్' అని కృద్యోగషష్ఠియు నేర్పిన పండితునికి ఈ భేదమును బోధించుటకు అరగడియ చాలును.

2019లో రాష్ట్రప్రభుత్వము ప్రభుత్వపాఠశాలల నన్నిటిని ఆంగ్లమాధ్యమమునకు మార్పఁబూనినది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ యుత్తర్వులను కొట్టివేసినది. మాధ్యమవివాద మెట్లున్నను, కొల్లేటి లంకలలోని పిల్లలకు ఆంగ్లము తప్పనిది. వారికి అర్థము తెలియని పట్టికలు వల్లె వేయించుటకంటె వారి భాషలోని 'వేయు', 'పోవు' ధాతువులను చూపుట మేలు. ఆ హైకోర్టు వార్తనే ఆంగ్లపత్రికలు 'స్ట్రక్ డౌన్' అని వ్రాయును. ఆ 'డౌన్'నకు సరియైన తెలుఁగు 'క్రిందికి' గాదు, 'కొట్టివేసినది' యందలి 'వేయు'. సకర్మకమునకు 'వేయు', అకర్మకమునకు 'పోవు' అని తెలుఁగు సామాన్యముగా పాటించు వివేకము ఆంగ్లమునకు లేదు. 'ఈట్ అప్', 'డ్రై అప్' రెంటను 'అప్' ఒక్కటియే.

దిగ్వాచకములు క్రియతోఁ గూడి అర్థము మార్చుటయు తెలుఁగునకు క్రొత్త గాదు. లోఁబడినవాఁడు దేనిలోనను పడలేదు. వెనుకాడువాఁడు వెనుక ఆడుట లేదు. ఈ రెండుమాటలు ముందు చెప్పి, ఆ తరువాత 'టేక్ ఆఫ్' ఎత్తికొనవలెను. తాడేపల్లిగూడెమున రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానస్థలము వెలసినది. అచ్చట విమానము 'టుక్ ఆఫ్' అనిన అకర్మకము, పైకి లేచినది. వైమానికుఁడు టోపీ 'టుక్ ఆఫ్' అనిన సకర్మకము, తీసివేసినాఁడు. ఆ యూరి రైలునిలయమున బంధువును 'సీ ఆఫ్' చేయుటకు తెలుఁగున మాట యేదని యడిగిన, బాలుఁడు ముందు 'చూచు' అనును. ఇంటిలో అవ్వ 'సాగనంపు' అనును.