చిన్న కమతములకు తగిన సీమపందుల ప్రాచీన జాతులు

పందులను కొనదలచిన రైతు సాధారణముగా మొదట దేహపరిమాణమును చూచును. పెద్దదియు, ఒక్కొక్క ఈతలో ఎక్కువ పిల్లలను పెట్టునదియు అగు పందియే మేలైనదని తలచును. జంతువులను కొట్టములోనే ఉంచి, కొనితెచ్చిన దాణాతో మేపువారికి ఈ అభిప్రాయము చాలవఱకు సరియైనదే. కాని రెండు మూడు ఆడపందులను స్వంతభూమిలో త్రిప్పుచు, తవుడును, రాలినపండ్లను, త్రవ్విన చేలలో మిగిలిన దుంపలను ఆధారముగా పెంచదలచిన రైతునకు ఇది నష్టహేతువగును. అట్టి రైతు పరిమాణముకంటె ముందుగా చెవిని, ముట్టెను, చర్మపు రంగును పరీక్షింపవలెను. ఇంగ్లండు దేశపు ప్రాచీన జాతులను పోల్చి చూచినచో వీని ప్రయోజనము స్పష్టపడును.

లార్జ్ బ్లాక్, గ్లాస్టర్‌షైర్ ఓల్డ్ స్పాట్స్ అను జాతులకు చెవులు పెద్దవై, కన్నులను కప్పుచు ముందునకు వ్రేలాడును. ఎదుట నున్నది చక్కగా కనబడనందున ఈ జంతువులు మెల్లగా నడచును, సాధుస్వభావము గలిగియుండును, సామాన్యమైన కంచెలోనే నిలుచును. లార్జ్ బ్లాక్ తల్లికి పాలు సమృద్ధి. గ్లాస్టర్‌షైర్ జాతి తెల్లని దేహముపై నల్లని మచ్చలు గలది. ఆపిల్ తోటలలో రాలిన పండ్లను, పాలశాలలలో మిగిలిన విరుగుడునీటిని ఆహారముగా గొని వృద్ధిపొందినది. చెట్లనుండి పండ్లు మీదపడి కమిలినందువలననే ఆ మచ్చలు కలిగినవని ఆ ప్రాంతపు జనులు వేడుకగా చెప్పుకొందురు. ఈ జాతికి 1913లో సంఘ మేర్పడి వంశావళి వ్రాయబడుచు వచ్చినది.

టామ్‌వర్త్ ఇందుకు భిన్నమైనది. దాని వెండ్రుకలు బంగారుచాయ గల ఎఱుపు, చెవులు నిక్కియుండును, ముట్టె పొడవుగాను తిన్నగాను ఉండును. ఇది చురుకైన జంతువు. మేతను తానే వెదకికొనగలదు. బలహీనమైన కంచె దీనికి కంచెయే కాదు. పొదలు పెరిగిన బీడును త్రవ్వించుకొనదలచిన రైతునకు ఈ ముట్టె నాగలివలె ఉపకరించును. గట్లును, కాలువలును గల భూమిలో విడిచినచో ఆ ఉపకారమే అపకారమగును. ఇది ఒక ఈతలో పెట్టు పిల్లల సంఖ్యయు మితమే.

మిడిల్ వైట్ ముట్టె పొట్టిగా ఉండి పైకి వంగియుండును గనుక అది భూమిని అంతగా త్రవ్వదు. త్వరగా కండపట్టి చిన్నవయస్సుననే అమ్మకమునకు వచ్చును. 1852లో యార్క్‌షైర్‌లోని కీత్లీ ప్రదర్శనమునకు జోసెఫ్ ట్యూలీ అను నేతపనివాడు కొన్ని పందులను తెచ్చెను. అవి పెద్దజాతి తరగతికి చాలినంత పెద్దవి కాకపోయినను, నిరాకరించుటకు వీలులేనంత మంచివిగా ఉండుటచే న్యాయనిర్ణేతలు ఒక నడిమి తరగతిని క్రొత్తగా ఏర్పఱచిరి. జాతిపేరు అందుండియే వచ్చినది.

బర్క్‌షైర్ నల్లనిది, నాలుగు పాదములు, ముఖము, తోకచివర మాత్రము తెలుపు. దీని మాంసములో కొవ్వు సన్నని పోగులుగా వ్యాపించి యుండుటచే రుచి హెచ్చు. జపానులో దీనిని నల్లపంది యను అర్థముగల కురోబుటా అను పేర అధికమైన వెలకు అమ్ముదురు. అయినను ఇది నెమ్మదిగా పెరుగును. రుచికి వెలనిచ్చు కొనుగోలుదారు లేక, బరువునే చూచు సంతకు దీనిని తోలుకొనిపోయిన రైతు మేపిన కాలమును పోగొట్టుకొనును.

ఇన్ని గుణములు గల జాతులు ఏల అరుదైనవని ప్రశ్న కలుగవచ్చును. 1955లో బ్రిటనులో సర్ హెరాల్డ్ హౌయిట్ అధ్యక్షతను ఏర్పడిన సలహాసంఘము లార్జ్ వైట్, ల్యాండ్‌రేస్, వెల్ష్ అను మూడు జాతులమీదనే దృష్టి నిలుపవలెనని సిఫారసు చేసినది. సంతకు కావలసినది కొవ్వుతక్కువ మాంసము, ఏకరీతి దేహము; కనుక ఆ సలహా ఆనాటి లెక్క ప్రకారము తప్పుగా తోచలేదు. కాని తక్కిన జాతులను రైతులు విడిచిపెట్టిరి. ఉన్నివంటి వెండ్రుకలు గల లింకన్‌షైర్ కర్లీ కోట్ అను జాతి 1970 దాటిన కొలది సంవత్సరములకే పూర్తిగా నశించినది. చలిని ఓర్చి, బయటనే పెరుగగల ఆ జంతువును ఇప్పుడు కావలెనన్న ఏ ధనవంతుడును కొనజాలడు. తక్కిన వానిని కాపాడుటకై 1973లో రేర్ బ్రీడ్స్ సర్వైవల్ ట్రస్టు స్థాపింపబడినది.

మన దేశమున విశేషముగా వ్యాపించిన సీమపంది తెల్లనిదగు లార్జ్ వైట్ యార్క్‌షైర్. పిల్లల సంఖ్యలోను, ఎదుగుదలలోను దీనికి సాటి తక్కువ. అయితే తెల్లని చర్మము ఎండకు కందును; ముఖ్యముగా వీపును, చెవులును బొబ్బలెక్కును. ఈ విషయమున నల్లజాతులు మేలు. కాని నల్లచర్మము మంటనుండి కాపాడునే గాని ఉక్కనుండి కాపాడదు. చెమటచే దేహమును చల్లబఱచుకొనుశక్తి పందికి లేదు గనుక ఏ జాతికైనను నీడయు, పొరలాడుటకు నీటిగుంటయు ఉండి తీరవలెను.

విదేశపు శుద్ధజాతిని తెచ్చి పెంచుట చిన్నరైతునకు సాధ్యమగు పని కాదు. దాని గుణమును దేశవాళి ఓర్పుతో కలుపుట మేలైన మార్గము. రాంచీలోని బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయమున టామ్‌వర్త్‌ను దేశవాళి పందితో సంకరముచేసి, సగము సగము రక్తముగల ఝార్‌సుక్ అను రకమును సిద్ధపఱచిరి, అది నల్లనిది. తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయమున సిద్ధమైన రకములో 75 పాళ్లు లార్జ్ వైట్ యార్క్‌షైర్, 25 పాళ్లు దేశవాళి. వీనిలో మొదటిది తిరిగి మేయు పద్ధతికిని, రెండవది దాణాపెట్టి కొట్టములో పెంచు పద్ధతికిని ఎక్కువ తగినవని వాని పుట్టుకయే సూచించుచున్నది.

కొనునప్పుడు ఆడపందికి పండ్రెండునకు తక్కువగాక, సమదూరమున నున్న చన్నులు గలవో లేవో లెక్కించి చూడవలెను. మగపంది విషయమున ఇంతకంటె జాగ్రత్త అవసరము. చూలు సుమారు 114 దినములే. పుట్టిన ఆడపిల్లలు 6 మొదలు 8 నెలలలో ఎదకు వచ్చును. అందుచే ఒకే మగపందిని మందలో ఉంచుకొన్న రైతు, తాను గమనింపకయే, ఏడాదిన్నర తిరుగక మునుపే తండ్రిని కూతుళ్లతో కలిపినవాడగును. పిల్లలు తగ్గుట, బలహీనముగా పుట్టుట అను దోషములను జాతిపై మోపుట అప్పుడు న్యాయము కాదు. ఇరుగుపొరుగు రైతులు నలుగురు కలిసి వేర్వేరు వంశముల మగపందులను ఉంచుకొని, కూతుళ్లు ఎదకు వచ్చులోపల వానిని ఒకరికొకరు మార్చుకొనవలెను. ప్రతి ఈతకును తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, బ్రదికిన పిల్లల సంఖ్య ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను. మార్చుకొనిన జంతువును మూడువారములు వేఱుగా కట్టి, రోగము లేదని తెలిసికొనిన పిదపనే మందలో కలుపవలెను.