మా ఇంట్లో మీసాల చేపలు

మా అపార్టుమెంటు పిల్లలకు నా పేరు తెలియదు. "చేపల అంకుల్" అంటే చాలు, గేటు దగ్గర సెక్యూరిటీ అతను కూడా మా ఫ్లాటు వైపే చెయ్యి చూపిస్తాడు. బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో అప్పులూ జమలూ చూసుకుంటున్న మనిషికి ఈ పేరెలా వచ్చిందో రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు మొదట మొహమాటపడ్డాను. కానీ చెప్పుకోవలసినవి ఒకటి రెండున్నాయి.

మాది కొల్లేటి పక్కన, ఆకివీడు దగ్గర పల్లె. మా వైపు చేప అంటే పులుసే. జెల్ల, వాలుగ, మార్పు, ఇంగిలాయి అన్నీ మూతి చుట్టూ మీసాలున్న చేపలే. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే ఎంత మంటో నాకు ఎనిమిదో ఏటే తెలిసింది. ఇంగ్లీషువాడు వీటన్నిటినీ ఒకే గాటన కట్టి, పిల్లి మీసాలతో పోల్చి క్యాట్‌ఫిష్ అన్నాడు. మొదటిసారి వైట్‌ఫీల్డ్ వచ్చినప్పుడు మా అమ్మ హాల్లో ఉన్న తొట్టి ముందు కుర్చీ వేసుకుని, రెండంగుళాల చేపల్ని చాలాసేపు చూసి, "ఇవి పులుసుకి ఎన్ని కావాలిరా?" అని అడిగింది. తినడానికి కాదమ్మా అంటే నమ్మలేదు.

2016లో బదిలీ మీద బెంగళూరు వచ్చాం. మేముండే వైట్‌ఫీల్డ్ 1882లో ఆంగ్లో ఇండియన్ల కోసం, వాళ్ళ నాయకుడు డి.ఎస్. వైట్ పేరు మీద వెలసిన ఊరు. ఇప్పుడు లిఫ్టులో నలుగురెక్కితే ఇద్దరు తెలుగువాళ్ళే. పిల్లలు చదువులకు వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది. ఒక ఆదివారం శివాజీనగర్ రసెల్ మార్కెట్టుకు కూరగాయలకని వెళ్ళి, రెండడుగుల గాజు తొట్టితో తిరిగి వచ్చాను. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

మొదటి నెలలో నాలుగు చేపలు చచ్చిపోయాయి. కారణం తర్వాత తెలిసింది. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. నీటిలో పుట్టే సూక్ష్మజీవులు దాన్ని ముందు నైట్రైటుగా, ఆ తరువాత అంత హాని లేని నైట్రేటుగా మారుస్తాయి. అవి తొట్టిలో స్థిరపడడానికి సుమారు నెల పడుతుంది. ఖాతా తెరిచిన రోజునే ఓవర్‌డ్రాఫ్టు అడిగినట్టు, నేను నీళ్ళు పోసిన సాయంత్రమే చేపల్ని వేశాను.

నాకు నచ్చినవి కోరీడోరస్ అనే చిన్న జాతి. నా దగ్గరున్నది ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు మచ్చలుండే రకం. వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికా. డార్విన్ బీగిల్ ఓడ యాత్రలో సేకరించిన చేపల్లో ఇదీ ఉంది. 1842లో జెనిన్స్ అనే ఆయన దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1878లో పారిస్‌లో కార్బొన్యే అనే ఆయన తొట్టిలో దీని చేత గుడ్లు పెట్టించాడంటే, ఈ పిచ్చి నాతో మొదలైంది కాదని తెలుస్తోంది కదా! ఇది చల్లటి నీటి చేప. 20 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. మా ఆకివీడు వేసవిలో అయితే అల్లాడిపోయేది. బెంగళూరు వాతావరణం దానికి సరిగ్గా సరిపోయింది, మనలో చాలామందికి సరిపోయినట్టే.

పెంచదలచుకున్నవాళ్ళు ఒకటి రెండు కొనకండి. ఇవి గుంపు చేపలు. కనీసం ఆరు ఉండాలి. అడుగున మెత్తటి ఇసుక పోయాలి. గరుకు రాళ్ళు వేస్తే మీసాలు అరిగిపోతాయి, ఆ మీసాలతోనే అది తిండి వెతుక్కుంటుంది. ఉన్నట్టుండి పైకి దూసుకొచ్చి గుటక వేసి కిందికి పోతుంటే కంగారు పడకండి. అది గాలిని మింగి పేగు ద్వారా కూడా ప్రాణవాయువు తీసుకోగలదు. అయితే ఊరికే అదే పని చేస్తుంటే మాత్రం నీళ్ళు పాడయ్యాయని అర్థం.

ఇక గుడ్ల సంగతి. వాటి దేశంలో వానలు పడి, చల్లటి కొత్త నీరు వచ్చినప్పుడు ఇవి గుడ్లు పెడతాయి. అందుకని పెంచేవాళ్ళు తొట్టిలో సగం నీళ్ళు తీసి, కొంచెం చల్లటి మెత్తటి నీళ్ళు పోసి వాటిని భ్రమపెడతారు. వైట్‌ఫీల్డులో చిక్కు అక్కడే. బోరు నీళ్ళూ, ట్యాంకరు నీళ్ళూ గిన్నె అడుగున తెల్లగా పొలుసు కట్టే నీళ్ళు. రెండేళ్ళు ప్రయత్నించినా మా చేపలు భ్రమపడలేదు.

2024 మార్చి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. బోర్లు ఎండిపోయాయి. ట్యాంకరు ధర రోజుకొకటి. మా అపార్టుమెంటులో నీళ్ళు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు అన్నారు. అప్పటికి నా దగ్గర అయిదు తొట్లున్నాయి. వారానికోసారి వాటిలో పావు వంతు నీళ్ళు మార్చాలి. జనరల్ బాడీ మీటింగులో ఒకాయన లేచి, నా పేరు చెప్పకుండానే, "మనుషులకే లేని నీళ్ళు చేపలకెందుకండీ?" అన్నారు. అందరూ నా వైపు చూశారు. తీసిన నీళ్ళు మొక్కలకే పోస్తున్నానండీ, అవి వాటికి ఎరువు లాంటివి అని చెప్పబోయి మానేశాను. ఆయన ఇంట్లో నెలల పాప ఉంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ వారంలోనే మూడు తొట్లు ఖాళీ చేసి, చేపల్ని తెలిసినవాళ్ళకు ఇచ్చేశాను. మిగిలిన రెండిటిలో చేపలు తక్కువ, తిండి ఇంకా తక్కువ. తిండి తగ్గితే మురికి తగ్గుతుంది, నీళ్ళు మార్చే పని తగ్గుతుంది. ఏసీ నుంచి కారే నీళ్ళు పోయవచ్చు కదా అని మా అల్లుడు సలహా ఇచ్చాడు. ఆ నీళ్ళు రాగి గొట్టాల మీదుగా వస్తాయి, రాగి వీటికి పడదు.

మే మొదటి వారంలో వానలు పడ్డాయి. మొదటి వాన దుమ్ము కడిగే వాన, దాన్ని వదిలేశాం. మరునాటి వానకు నేనూ, మా ఆవిడా మేడ మీది గొట్టం కింద బకెట్లు పెట్టాం. మీటింగులో లేచిన ఆయన కూడా అక్కడే డ్రమ్ము పెట్టుకుని తడుస్తూ నిలబడ్డారు. ఇద్దరం ఒకరి బకెట్టు ఒకరం జరిపాం. ఆ మాట ఎవరమూ ఎత్తలేదు.

ఆ రాత్రి రెండు బకెట్ల వాన నీళ్ళు నెమ్మదిగా తొట్టిలో పోశాను. తెల్లవారి అయిదున్నరకు మా ఆవిడ లేపింది. "మీ చేపలకు ఏదో అయింది, చూడండి." అవి గాజు మీద పైకీ కిందికీ పరుగులు పెడుతున్నాయి. మగది ఆడదాని ముందు అడ్డంగా నిలబడితే ఇంగ్లీషు అక్షరం టి లాగా కనిపిస్తుంది. ఆడది తన పొత్తికడుపు రెక్కల్ని దోసిలిలా చేసి, రెండు మూడు గుడ్లు పట్టుకుని, గాజును నోటితో శుభ్రం చేసి అక్కడ అంటిస్తుంది. మళ్ళీ మొదలు. ఈ జాతికి దగ్గరి బంధువైన కంచు రంగు కోరీడోరస్‌లో ఆడది మగదాని బీజాన్ని మింగి, అది పేగు గుండా వచ్చి గుడ్లను చేరుతుందని 1995లో జపాను శాస్త్రవేత్తలు రాశారు. సృష్టిలో ఎన్ని దారులో!

ఆ రోజు ఆఫీసుకు గంట ఆలస్యంగా వెళ్ళాను. తల్లిదండ్రులే గుడ్లు తినేస్తాయి కాబట్టి, వేలితో ఒక్కొక్కటే గాజు మీద నుంచి దొర్లించి వేరే డబ్బాలో వేశాను. నోట్ల కట్ట లెక్కపెట్టినట్టు రెండుసార్లు లెక్కపెట్టాను. 83. బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ ఒక చుక్క. అయిదో రోజుకు పిల్లలు. ఒకటి రెండు రోజులు కడుపు కింది సొన మీదే బతుకుతాయి. ఆ తర్వాత ఉప్పునీటిలో అప్పుడే పొదిగిన ఆర్టీమియా పురుగులు వెయ్యాలి. చివరకు దక్కినవి 31. ఎన్నో పోయాయి, అది నా చేతకానితనమే.

మరో తొట్టిలో ఆన్సిస్ట్రస్ అనే రకం ఉంది. మగదాని మూతి మీద ముళ్ళ పొదలాంటి మీసకట్టు. ఇది కొబ్బరి చిప్పలో గుడ్లు పెట్టించుకుని, ఆడదాన్ని బయటికి తరిమి, రెక్కలతో విసురుతూ తనే కాపలా కాస్తుంది. దోసకాయ ముక్క వేసినా కదలదు. మా ఆవిడకు ఈ చేప అంటే ప్రత్యేకమైన గౌరవం. అది చూపించి నన్ను ఏమంటుందో అదీ రాయను.

అన్నట్టు, అసలు చెప్పవలసింది ఒకటుంది. 2021లో ఒక దుకాణంలో "గాజు మీద పాచి నాకేస్తుంది సార్" అని రెండంగుళాల సక్కర్ చేపనొకదాన్ని అంటగట్టారు. ఇది అడుగు దాటి పెరుగుతుందని చెప్పలేదు. రెండేళ్ళలో రెండడుగుల తొట్టిలో తిరగడానికి చోటు లేనంత అయింది. వర్తూరు చెరువులో వదిలేద్దామని ఒకరు, గుడి కోనేట్లో వేస్తే పుణ్యమని ఒకరు. నేనూ ఒక ఆదివారం బకెట్టులో వేసి కారు దాకా తీసుకెళ్ళాను. సరిగ్గా అప్పుడే కైకలూరులో చేపల చెరువులు చేసే మా బాబాయి కొడుకు ఫోను చేశాడు. మాటల్లో సంగతి చెప్పాను.

"అన్నయ్యా, పొరపాటున కూడా చెరువులో వదలమాక. మా ప్రాణాలు తీస్తంది ఇదే. వలలు చీలుస్తంది, గట్లకి బొరియలు పెడతంది, కొనేవాడుండడు. ఎవరో నీలాంటోళ్ళు వదిలిందే గదా!"

డెవిల్ ఫిష్ అని పేపర్లలో చదివింది మా హాల్లో ఉన్నదేనని అప్పుడు తట్టింది. దక్షిణ అమెరికా నుంచి అలంకారానికి తెచ్చిన ఈ చేప ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో పాతుకుపోయింది. నీటిలో మిగిలిన డీఎన్ఏ ఆనవాళ్ళను బట్టి దీని జాడ కనిపెట్టే పద్ధతిని హైదరాబాదు సీసీఎంబీ వాళ్ళు తయారుచేశారు. ఒంటి మీద కవచం, రెక్కలకు ముళ్ళు. మన జెల్లలూ వాలుగలూ దీని ముందు ఎంత! బకెట్టు తిరిగి పైకి తెచ్చాను. లిఫ్టులో పక్కింటి పిల్లాడు "అంకుల్, వాకింగుకి తీసుకెళ్ళారా?" అన్నాడు.

దానికోసం నాలుగడుగుల తొట్టి కొన్నాను. సోఫా అమ్మేయవలసి వచ్చింది. అది పది పదిహేనేళ్ళు బతుకుతుందట. నేను ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాను. ఆకివీడు వెళ్ళిపోదామంటే, "దాన్ని లారీలో ఎక్కిస్తారా, కారులోనా?" అంటుంది మా ఆవిడ. ఇంకా తేల్చుకోలేదు.

ఇప్పుడు నా దగ్గర ఆన్సిస్ట్రస్ పిల్లలు పన్నెండున్నాయి, ఇవి అరచేతిని మించి పెరగవు. సంఘం సభ్యులెవరికైనా కావాలంటే డబ్బు అక్కర్లేదు. తొట్టిలో నీళ్ళు పోసి నెల రోజులయ్యాకే రండి. మూత ఉన్న డబ్బా తెచ్చుకోండి. ఆదివారం పొద్దున పది లోపల అయితే మంచిది, ఆ తర్వాత ట్యాంకరు వస్తుంది.