వస్తువుల పొత్తు



కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయు విద్య నేడు మన బాలబాలికలలో పెక్కురకు బడిలోనే ప్రారంభమగుచున్నది. అందు 'ఆబ్జెక్టు', 'క్లాసు' అను మాటలు చెవిని బడినంతనే, ఇది మనకు కొఱుకుడుపడని విద్య యని తల్లులు ప్రక్కకు తొలగుచుందురు. అట్లు తొలగ నక్కఱలేదని మా యభిప్రాయము. ఈ విద్యయందు క్రొత్తవారిని తికమక పెట్టునది లెక్కలు కాదు. వస్తువులు ఒకదానితో నొకటి కలసి పనిచేయు తీరు. ఆ తీరు తెలియుటకు, ఇల్లు నడపువారెల్ల రెఱిగిన యొక మర్యాద చాలును: ఒకరి పెట్టెలో నింకొకరు చేయి పెట్టరాదు, కావలసినది అడిగి పుచ్చుకొనవలయును.

ఈ పద్ధతికి పుట్టినిల్లు నార్వే దేశము. ఆస్లో నగరమందలి నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటరున క్రిస్టెన్ నీగార్డ్, ఓలె యోహన్ డాల్ అను నిరువురు 1960వ దశకమున సిమ్యులా అను భాషను నిర్మించిరి. లోకవ్యవహారములను కంప్యూటరులో ననుకరించి చూచుట వారి యుద్దేశము. పిమ్మట 1970వ దశకమున, అమెరికాలో జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున ఆలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ మొదలగువారు స్మాల్‌టాక్ అను భాషను పెంపొందించిరి. వీరిలో గోల్డ్‌బర్గ్ స్త్రీ. ఆ విదుషీమణి పిల్లలకు ఆ భాషను బోధించుటయే గాక, 1983లో డేవిడ్ రాబ్సన్‌తో గూడి దానికి ప్రమాణగ్రంథమును రచించెను. వస్తువులకంటె, వాని నడుమ నడచు సందేశములే ముఖ్యమని ఆలన్ కే యభిప్రాయము.

వస్తువనగా నేమి? తనకు సంబంధించిన సంగతులను తనయొద్ద దాచుకొని, తన వంతు పని తాను చేయునది వస్తువు, అదియే ఆబ్జెక్టు. క్లాసు బొమ్మల యచ్చు వంటిది. ఆ యచ్చున దీసిన బొమ్మ వంటిది ఆబ్జెక్టు. అచ్చు ఒకటియే యైనను బొమ్మలెన్నియైన నుండవచ్చును.

గ్రంథాలయమునకు ఒక ప్రోగ్రాము వ్రాయుచున్నా మనుకొందము. అందు పుస్తకము, చదువరి, గ్రంథపాలిక అని మూడు విధముల వస్తువులున్నవి. ఒక చదువరి మూడు పుస్తకములకు మించి యింటికి గొనిపోరాదని నియమము. పుస్తకము కోరి చదువరి వచ్చినపుడు, గ్రంథపాలిక మొదట పుస్తకమును, "నీ విప్పు డిచ్చటనే యున్నావా?" అని యడుగును. తరువాత చదువరిని, "నీవింకొక పుస్తకము తీసికొనవచ్చునా?" అని యడుగును. రెండును ఔననినచో, "ఈమె యొద్దకు పొమ్ము" అని పుస్తకమునకును, "దీనిని నీ జాబితాలో చేర్చుకొనుము" అని చదువరికిని చెప్పును. గ్రంథపాలిక చదువరి జాబితాను తెఱచి లెక్కపెట్టలేదు. లెక్క చదువరియొద్దనే యున్నది. ప్రత్యుత్తరము మాత్రము వచ్చినది.

క్రొత్తవారు సాధారణముగా మఱియొక విధమున వ్రాయుదురు. గ్రంథపాలికయే చదువరి జాబితాను తెఱచి, పుస్తకముల నెన్ని, మూడుతో పోల్చి చూచునట్లు చేయుదురు. మొదటినాడు అదియు చక్కగనే నడచును. కాని రేపు పిల్లలకు రెండు, పెద్దలకు నాలుగు అని నియమము మాఱినదనుకొనుడు. మూడు అను నంకె ఐదు చోట్ల వ్రాసియుండును. నాలుగు చోట్ల దిద్ది, ఒకచోట మఱతురు. ప్రోగ్రాము ఆగిపోదు, మొఱపెట్టదు. నెమ్మదిగా తప్పు సమాధానము లిచ్చుచుండును. గ్రంథాలయమున నష్టము ఒక పుస్తకము. ఇదే తప్పు బ్యాంకులో జరిగినచో సొమ్ము, ఆసుపత్రిలో జరిగినచో మందు మోతాదు తాఱుమాఱగును.

అడిగి పుచ్చుకొను పద్ధతిలో ఈ బాధ లేదు. బాలచదువరి యొకటి, పెద్దచదువరి యొకటి యని రెండు తెఱగులు చేసిన చాలును. గ్రంథపాలిక యడుగు ప్రశ్న అదే; సమాధానము మాత్రము ఎవరికి దగినట్లు వారిత్తురు. గ్రంథపాలికలో నొక్క యక్షరమును మార్చ నక్కఱలేదు. దీనినే బహురూపత యందురు.

మఱియొక దోషమును గలదు. పని యంతయు నొక్క వస్తువుపై వేసి, తక్కినవానిని ఊరక కూర్చుండబెట్టుట. ఇంటి చాకిరి యంతయు నొక్క కోడలిపై బడిన నేమగునో మనము చూచుచునే యున్నాము. ఆమె కొక్కనాడు జ్వరము వచ్చినచో పొయ్యి రాజదు. ప్రోగ్రాములోను అంతియే, ఆ యొక్క వస్తువును ముట్టుకొనుటకే యందఱును భయపడుదురు.

ఈ దోషములను ముందుగనే కనిపెట్టుటకు కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ అనువారు 1989లో నొక సులభోపాయమును ప్రకటించిరి. దానికి కంప్యూటరుతో పనిలేదు. చిన్న అట్టముక్కలు తీసికొని, ఒక్కొకదానిపై నొక క్లాసు పేరు వ్రాయవలయును. క్రింద ఎడమవైపున అది చేయవలసిన పనులు, కుడివైపున ఆ పనులకై అది యెవరి సాయము కోరునో వారి పేర్లు వ్రాయవలయును. రాత్రి భోజనములైన పిమ్మట తలకొక అట్ట పంచి, తల్లి గ్రంథపాలికగను, కూతురు చదువరిగను, కొడుకు పుస్తకముగను ఉండి, ఒకరినొకరు ప్రశ్నించుకొనుచు ఆట నడపవచ్చును. ఒకరి అట్టపై పనులు పట్టకపోయినచో, ఆ వస్తువు మోయరాని బరువు మోయుచున్నదని గ్రహించి, పనులు పంచవలయును. ఒకరు అడుగకయే యింకొకరి అట్టను లాగికొని చదివినచో, అచ్చటనే తప్పు పట్టుబడును.

బిడ్డ తాను వ్రాసిన ప్రోగ్రామును చూపినపుడు, నాకేమి తెలియునని త్రోసిపుచ్చకుడు. "ఈ వస్తువు అడిగి పుచ్చుకొన్నదా, చేయి పెట్టి తీసికొన్నదా?" అని యొక్క ప్రశ్న వేయుడు. సమాధానము చెప్పబోయి బిడ్డయే తన తప్పును కనుగొనవచ్చును.