నివురుగప్పిన నిప్పు

పుష్యమాసపు రాత్రులలో హైదరాబాదు లక్డీకాపూల్ ప్రాంతమున (లక్డీకాపూల్ అనగా కఱ్ఱవంతెన) కాపలాదారులు కుంపటి చుట్టు చేరి చేతులు కాచుకొనుట కలదు. ఆరుబయట ఆ కుంపటి ఆప్తబంధువు. గదిలోనికి దెచ్చి తలుపులు మూసినచో అదియే ప్రాణాంతకము కావచ్చును. కారణమేమి?

బొగ్గు రెండు విధములు. కట్టెలను గాలి చాలకుండ కాల్చగా వచ్చునది కట్టెబొగ్గు. భూమినుండి త్రవ్వితీయునది రాక్షసిబొగ్గు; దీనిని 1871లో డాక్టర్ కింగ్ ఇల్లెందు సమీపమున కనుగొనెను. సింగరేణి గనులకు అదియే నాంది. రాక్షసిబొగ్గు పొగతో మండును. కట్టెబొగ్గుకు పొగ స్వల్పము. పొగ లేదు కనుక భయము లేదని మనము భ్రమపడుదుము.

అడుగు చిల్లులనుండి ప్రవేశించిన గాలిలోని ఆమ్లజని క్రింది బొగ్గుతో కలిసి బొగ్గుపులుసు వాయువగును. అది పైనున్న ఎఱ్ఱని బొగ్గులగుండా పోవునపుడు మరికొంత కర్బనమును గ్రహించి కార్బన్ మోనాక్సైడుగా మారును. కుంపటిపై కనబడు నీలిమంట ఈ వాయువు మండుటయే. మంట అణగి నివురు గప్పిన పిదప అది మండకయే గాలిలో కలియుచుండును.

1 గ్రాము కర్బనము పూర్తిగా మండిన సుమారు 7,800 కేలరీల ఉష్ణము వచ్చును. మోనాక్సైడు దగ్గర ఆగినచో 2,200 మాత్రమే. అందుచే బొగ్గులు దట్టముగ క్రుక్కరాదు. నివురును తరచు దులిపి, క్రిందినుండి గాలి ఆడునట్లు విసరవలెను. ఇందువలన బొగ్గు ఆదా అగునేగాని విషవాయువు పూర్తిగా పోదు.

ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ఆమ్లజనికంటె దీనిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. ఈ రెండింటి కలయికను 1857 ప్రాంతమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డు వివరించెను. మొదట తలనొప్పి, పిమ్మట వికారము, మగత కలుగును. నిద్రలో నున్నవానికి ఈ హెచ్చరికయు నుండదు.

3 మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తుగల గదిలో 27 ఘనమీటర్ల గాలి పట్టును. 1 కిలో కర్బనము పూర్తిగా మండుటకు సుమారు 9.6 ఘనమీటర్ల గాలిలోని ఆమ్లజని కావలయును. అనగా గదిలోని ఆమ్లజనిలో మూడవ వంతుకు పైగా ఖర్చగును. దీపము వెలుగుచున్నది గదా యని ధైర్యపడరాదు. దీపము ఆరుటకు ముందే మోనాక్సైడు మనిషిని చంపగలదు.

కనుక కుంపటి ఆరుబయటనే యుండవలెను. నిద్రకు ముందు నీళ్లు చల్లి చల్లార్చవలెను. నివురు కప్పి గదిలో పెట్టరాదు. ఎవరైన సొమ్మసిల్లినచో, తలుపులు తెఱచి, వెంటనే బయటిగాలికి చేర్చి, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. నివురుగప్పిన నిప్పు అను మాటలో మన పెద్దలు చెప్పిన జాగ్రత్త కుంపటి విషయమున అక్షరాల నిజము.