తోడు వచ్చిన నేస్తాన్నీ ఓసారి చూడండి

ఆగస్టు రెండో వారం. ఓపీ దాదాపు అయిపోవచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు లోపలికి వచ్చారు. ఇద్దరిదీ నాగావళి ఒడ్డున ఒకే పల్లె. ఒకటో తరగతి నుంచి కలిసి చదువుకున్నారు. ఒకరు ప్రాథమిక పాఠశాలలో టీచరు. రెండో అతను ఆటో నడుపుతాడు.

‘ఏటైంది బాబూ?’ అని అడిగితే టీచరు తల దించుకున్నాడు. ఆటో కుర్రాడే అందుకున్నాడు.

‘29న తెలుగు భాషా దినోత్సవమండి. గిడుగు రామమూర్తి గారి గురించి మైకులో మాటాడమని ఈడికి సెప్పారు. అప్పట్నుంచి తిండి లేదు, నిద్దర లేదు. పిల్లల ముందు గంటలు గంటలు సెప్తాడు గానీ పెద్దోళ్లని సూస్తే నోరు పెగల్దు బాబూ.’

టీచరు జేబులోంచి ఒక మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ‘గుండె దడ తగ్గుతాదని తెలిసినాయన ఇచ్చారండి. ఎప్పుడు వేసుకోవాలో అడుగుదామని వచ్చాను.’

అది ప్రొప్రానొలాల్. నేను ఒకే ఒక్క ప్రశ్న వేశాను. ‘చిన్నప్పుడు ఆయాసం ఉండేదా?’

ఉండేదట. ఇప్పటికీ చలికాలంలో ఇన్‌హేలర్ వాడతాడట. అట్టను నా దగ్గరే ఉంచేసుకున్నాను.

ఒకరికి మందు, ఇంకొకరికి ముప్పు

ప్రొప్రానొలాల్ చెడ్డ మందేమీ కాదు. గుండె దడ, చేతుల వణుకు తగ్గిస్తుంది. వేదిక భయం బాగా ఎక్కువగా ఉన్న కొందరికి డాక్టర్లు దీన్ని రాస్తారు కూడా. కానీ ఆస్తమా ఉన్నవారిలో ఇది ఊపిరి గొట్టాలను బిగపట్టేలా చేస్తుంది. పైగా ఆయాసానికి వాడే ఇన్‌హేలర్ మందు కూడా సరిగ్గా పనిచేయకుండా అడ్డుపడవచ్చు. నాడి బాగా నెమ్మదిగా కొట్టుకునేవారికీ, బీపీ తక్కువగా ఉండేవారికీ ఇది పడదు. ఇన్సులిన్ తీసుకునేవారిలో షుగర్ పడిపోయినప్పుడు కనిపించే దడ, వణుకు లాంటి హెచ్చరికలను కప్పేస్తుంది. అందుకే ‘నాకు పనిచేసింది, నువ్వూ వేసుకో’ అనే సలహా ఈ మందు విషయంలో అసలు పనికిరాదు.

‘ఓ పెగ్గు వేసుకుంటే భయం పోతుంది’ అనేది అంతకన్నా పెద్ద పొరపాటు. ఆ పూట భయం తగ్గినట్టే ఉంటుంది. తర్వాత మందు లేనిదే వేదిక ఎక్కలేని స్థితి వస్తుంది.

వేదిక ఎక్కగానే ఏం జరుగుతుంది?

నలుగురి కళ్లూ మన మీద పడగానే మెదడులోని అమిగ్డలా అనే భాగం దాన్ని ప్రమాదంగా లెక్కగడుతుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది. నోరు ఎండిపోతుంది, అరచేతులు చెమర్చుతాయి, కడుపులో తిప్పుతుంది. ఎలుగుబంటి ఎదురైతే పరిగెత్తడానికి పనికొచ్చే ఏర్పాటే ఇది. మైకు ముందు పరిగెత్తలేం కాబట్టి ఆ శక్తంతా వణుకుగా బయటకొస్తుంది. చాలామందిలో ఈ దడ మొదటి కొద్ది నిమిషాల్లోనే ఎక్కువగా ఉండి, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది. ఆ సంగతి తెలియక మధ్యలోనే దిగిపోతే ‘వేదిక అంటే ప్రమాదమే’ అని మెదడు ఇంకా గట్టిగా నమ్ముతుంది. తప్పించుకున్న కొద్దీ భయం ముదురుతుంది.

టీచరుకు రెండు వారాలకు పైగా గడువుంది. ఒక మెట్ల వరస రాసిచ్చాను.

* మొదటి మూడు రోజులు: ఇంట్లో ఒక్కడే నిలబడి, గొంతెత్తి, బయటకు వినపడేలా మాట్లాడాలి.
* తర్వాత: నేస్తం ఒక్కడి ముందు. మధ్యలో తడబడినా ఆపకూడదు, మొదటికి రాకూడదు.
* ఆ తర్వాత: ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు కలిపి నలుగురైదుగురి ముందు.
* చివరి వారం: తోటి టీచర్ల ముందు. వీలైతే సభ జరిగే చోటికే వెళ్లి, ఖాళీ కుర్చీల ముందు ఒకసారి.

ప్రసంగమంతా బట్టీ పట్టొద్దన్నాను. ఒక్క మాట మరిస్తే మొత్తం కూలిపోతుంది. మొదటి రెండు వాక్యాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. మిగతాది నాలుగైదు ముక్కలుగా చిన్న కాగితం మీద ఉంటే చాలు. వేదిక ఎక్కేముందు నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. ఇలా ఐదారుసార్లు చేయాలి. పీల్చడం కన్నా వదలడం నిదానంగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. ఆ పూట టీ, కాఫీ తగ్గించాలి. ఖాళీ కడుపుతో వెళ్లకూడదు.

ఇంత చేసినా భయం తగ్గక, దాని వల్ల చదువో ఉద్యోగమో వదులుకునే పరిస్థితి వస్తే అది సోషల్ యాంగ్జైటీ కావచ్చు. దానికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల వైద్యం ఉంది, మందులూ ఉన్నాయి. సైకియాట్రిస్టును కలవడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇక రెండో కుర్రాడు

అంతసేపూ నేస్తం గురించే మాట్లాడిన ఆ ఆటో కుర్రాడి కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ‘వచ్చావు కదా, నీ బీపీ కూడా చూద్దాం రా’ అన్నాను. 160/100 వచ్చింది. వయసు ముప్పై దాటలేదు. ఒక్క రీడింగుతో బీపీ జబ్బని తేల్చం. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూశాను. పెద్ద తేడా లేదు.

‘రాత్రి నిద్ర పడుతోందా?’ అంటే నవ్వి ఊరుకున్నాడు. టీచరును బయట కూర్చోమన్నాను. అప్పుడు ఒక్కొక్కటిగా చెప్పాడు. ఆటో ఫైనాన్స్ వాయిదాలు, నాన్న ఆపరేషన్‌కు ఊళ్లో తెచ్చిన అప్పు, అది చాలక ఫోన్ యాప్‌లో తీసుకున్న అప్పు. యాప్‌వాళ్లు అర్ధరాత్రి ఫోన్లు చేస్తున్నారు. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజులు పెడతామంటున్నారు.

సూటిగా అడిగాను. ‘బతకడం ఎందుకు అనిపించిందా?’

చాలాసేపు మాట్లాడలేదు. ‘ఒక్కోసారి అనిపిస్తాదండి’ అన్నాడు.

ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడగడం వల్ల ప్రమాదం పెరగదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరటే దక్కుతుంది. అతని అనుమతి తీసుకుని టీచరును లోపలికి పిలిచాను.

‘నాకెందుకు సెప్పలేదురా?’

‘నువ్వే బయంలో ఉన్నావు కదరా.’

ఆ రోజే అతన్ని మా సైకియాట్రిస్టు దగ్గరకు పంపాను. ఒంటరిగా వదలొద్దని టీచరుకు చెప్పాను. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలను ఆ సాయంత్రమే తీయించాం.

విజయనగరం నేర్పిన పాఠం

ఈ ఇద్దరినీ చూస్తుంటే, టీచరు మాట్లాడాల్సిన గిడుగు వారి కథే గుర్తొచ్చింది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారాయన. 1875లో తండ్రి జ్వరంతో పోయారు. పన్నెండేళ్ల పిల్లవాడు విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి పాఠశాలలో చదివారు. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావు. గురజాడకూ చేతిలో డబ్బు లేదు. అధ్యాపకులు చంద్రశేఖర శాస్త్రి గారు తిండి, వసతి ఇచ్చి ఆదుకున్నారు. 1884లో 25 రూపాయల జీతానికి టీచరుగా చేరారు గురజాడ. గిడుగు 1879లో మెట్రిక్యులేషన్ అవగానే పర్లాకిమిడిలో పాఠాలు చెప్పడానికి వెళ్లారు.

గిడుగు సవర కొండల్లో తిరిగి మలేరియా బారిన పడ్డారు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. క్వినైన్‌తో చెవుల్లో హోరు, చెవుడు రావచ్చని నేటి వైద్య గ్రంథాలూ చెబుతాయి. ఎదుటివాళ్ల మాట సరిగా వినపడని మనిషి వేదికలెక్కి, పండితుల ముందు వాడుక భాష కోసం గంటల తరబడి వాదించారు. చిన్ననాటి స్నేహితులిద్దరూ ఆ ఉద్యమంలో ఒకే వైపు నిలబడ్డారు. 1915లో గురజాడ కన్నుమూశాక కూడా గిడుగు 1940లో పోయేదాకా ఆ పని వదల్లేదు. వేదిక మీద నిలబెట్టేది గొంతు ఒక్కటే కాదు. మన మాటను నమ్మినవాడు ఒకడున్నాడన్న ధైర్యం కూడా.

ఇది కేవలం మంచి మాట కాదు. సామాజిక సంబంధాలపై జరిగిన 148 అధ్యయనాలను కలిపి 2010లో విశ్లేషించారు. గట్టి అనుబంధాలు ఉన్నవారు బతికి ఉండే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువని అందులో తేలింది.

నేస్తం చేయాల్సినవి

* ‘దానికే భయమా?’ అనొద్దు. ‘మొదటి నిమిషమే కష్టం, నేను ఎదురుగా కూర్చుంటా’ అనండి.
* అప్పులన్నీ ఒకే కాగితం మీద రాయించండి. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటికి అన్నవి రాయాలి. తలలో తిరిగే అప్పు కన్నా కాగితం మీది అప్పు చిన్నదిగా కనిపిస్తుంది.
* బ్యాంకుకో ఫైనాన్స్ కంపెనీకో తోడు వెళ్లి, వాయిదాలు సర్దుబాటు చేయమని అడగండి.
* మీ తాహతుకు మించి అప్పివ్వొద్దు. ఆలోచించకుండా జామీను సంతకం పెట్టొద్దు. ఇద్దరూ మునిగితే ఒడ్డున చేయి అందించేవాళ్లుండరు.
* రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. అప్పు యాప్‌లు ఫోన్‌లోని నంబర్ల జాబితాను తీసుకోకూడదు. వేధిస్తే ఆ మెసేజులు చెరిపేయకుండా ఉంచి పోలీసులకు చెప్పండి. ఆన్‌లైన్ మోసమైతే 1930కి ఫోన్ చేయండి.
* ‘నేను లేకపోతేనే నయం’ లాంటి మాటలు, ఉన్నట్టుండి తాగుడు పెరగడం, అందరికీ వీడ్కోలు చెబుతున్నట్టు మాట్లాడటం కనిపిస్తే సూటిగా అడగండి. ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

సెప్టెంబరులో ఇద్దరూ మళ్లీ వచ్చారు. టీచరు సభలో నాలుగు నిమిషాలు మాట్లాడాడట. మొదట కాగితం వణికింది, తర్వాత ఆ సంగతే మరిచిపోయాడట. నేస్తం వెనక స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని బీపీ ఈసారి 136/86. అప్పు ఇంకా తీరలేదు. వాయిదా మాత్రం తగ్గించారు. యాప్‌వాళ్ల మీద ఫిర్యాదు ఇచ్చారు. చికిత్స కొనసాగుతోంది.

‘నిద్దర పడతంది బాబూ’ అన్నాడు.

మీతో ఆసుపత్రికి ఎవరైనా తోడు వస్తే, ఇంటికి వెళ్లేలోపు ఒక్కమాట అడగండి. ‘నువ్వెలా ఉన్నావు?’ అని. నవ్వి ఊరుకుంటే మళ్లీ అడగండి.